చెన్నై పెరంబూరులో పాత బేస్ గిటార్: కొలతలు, మార్పులు, ఖర్చు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న నాలుగు తీగల బేస్ గిటార్‌ని వాయించడానికి పనికొచ్చేలా చేసుకోవడం, దాని మీద మొదటి పాఠాలు మొదలుపెట్టడం, ఈ రెండింటి లెక్క ఇది. ఎందుకు నేర్చుకోవాలనిపించిందన్న కథ వదిలేస్తున్నాను. ఇళయరాజా పాటలు మంచి హెడ్‌ఫోన్స్‌లో విన్నవాళ్లకి అది చెప్పక్కర్లేదు. పాతది కొని, "నా వేళ్లకి ఇది రాదేమో" అని దిగులుపడుతున్నవాళ్లు ముందు ఒక స్టీలు స్కేలు, ఒక ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట) పట్టుకుని కూర్చోండి. నా విషయంలో వేళ్ల తప్పు అనుకున్నదాంట్లో చాలావరకు గిటార్ తప్పే. మిగిలింది మాత్రం నిజంగా వేళ్లదే. దాని సంగతి అయిదో దశలో.

కొన్నది ప్రెసిషన్ బేస్ నమూనాలో చేసిన కాపీ. అసలుది ఫెండర్ కంపెనీ 1951లో తెచ్చింది. దీంట్లో రెండు ముక్కల పికప్ (తీగ ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఒకటి, ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతే. లోపల బ్యాటరీ లేదు, సర్క్యూట్ బోర్డు లేదు. పాడవడానికి పెద్దగా ఏమీ లేని గిటార్ కావడం మొదటిసారి కొనేవాళ్లకి మంచిదే. తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 864 మి.మీ.

దశ 0: కొనేముందు చూసినవి

అన్నానగర్‌లో చదువు అయిపోయి ఊరెళ్లిపోతున్న ఒక కుర్రాడు అమ్మాడు. పదివేలు చెప్పాడు, 8,500కి తెగింది. బేరంలో అక్కరకొచ్చింది కింద రెండోది.

1. బ్రిడ్జి (బాడీ మీద తీగల కొసలు బిగించిన పలక) వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ (వేళ్లు నడిచే పొడవాటి కర్ర) వెంబడి చూడాలి. వంపు ఉంటే సరిచేసుకోవచ్చు. మెలి తిరిగి ఉంటే దండం పెట్టి వచ్చేయాలి.
2. నాబ్‌లు తిప్పుతూ వినాలి. కరకరమంటే లోపల తుప్పు, దుమ్ము. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో ఇది మామూలే, కానీ బేరానికి పనికొస్తుంది.
3. అలెన్ కీలు వెంట తీసుకెళ్లి ట్రస్ రాడ్ (నెక్ లోపలి కడ్డీ) తిరుగుతోందో లేదో చూడాలి. అది బిగుసుకుపోయి ఉన్నా, తల అరిగిపోయి ఉన్నా గిటార్ ఎంత చవకైనా వద్దు.

ఇప్పటికి ఖర్చు: 8,500

దశ 1: నెక్‌ని ఎవరో బిగించి పెట్టారు

లక్షణం ఇది. లావు తీగ (ఇ) మీద మొదటి అయిదు ఫ్రెట్లలో (నెక్ మీద అడ్డంగా ఉన్న లోహపు గట్లు) ఎక్కడ నొక్కినా గరగర. పైకి వెళ్లేకొద్దీ శుభ్రంగా పలుకుతోంది. పోనీ తీగ ఫ్రెట్లకి మరీ దగ్గరగా ఉందా అంటే అదీ కాదు. 12వ ఫ్రెట్ దగ్గర 3.5 మి.మీ. ఎత్తులో వేలాడుతోంది. ఇంత ఎత్తున ఉన్న తీగ గరగరమనడం ఏమిటని కొలత తీస్తే విషయం బయటపడింది.

నాలుగు తీగలూ కలిపి నెక్‌ని 70 కిలోలకి పైగా బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుకి ఎదురు నిలబడేది నెక్ లోపల ఉన్న ఇనుప కడ్డీ, అదే ట్రస్ రాడ్. నెక్ తిన్నగా గీత గీసినట్టు ఉండకూడదు, కొద్దిగా ముందుకి వంగి ఉండాలి. లేకపోతే ఊగే తీగ మొదటి ఫ్రెట్లకి కొట్టుకుంటుంది. ఆ వంపుని కొలిచే పద్ధతి:

1. ముందు ట్యూన్ చేయాలి. గిటార్‌ని వాయించేటప్పుడు పట్టుకున్నట్టే నిలువుగా పట్టుకోవాలి. మంచం మీద పడుకోబెట్టి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది.
2. ఇ తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కాలి. కేపో (తీగల్ని నొక్కి పట్టే క్లిప్పు) ఉంటే ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. లేకపోతే ఇంట్లో ఎవరినైనా బతిమాలుకోవాలి.
3. 8వ ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందులో ఫీలర్ గేజ్ రేకులు ఒక్కొక్కటే దూర్చి చూడాలి.

0.25 నుంచి 0.35 మి.మీ. ఉంటే బాగున్నట్టు. నా దాంట్లో 0.05 రేకు కూడా దూరలేదు. నెక్ వెనక్కి వంగి ఉంది. అమ్మిన కుర్రాడు ఇచ్చిన సంచిలో ఒక రిపేర్ షాపు బిల్లు దొరికింది, "యాక్షన్ తగ్గించాం" అని. తీగ ఎత్తు తగ్గించమంటే ట్రస్ రాడ్ బిగించి పంపారన్నమాట. ఇది చాలాచోట్ల జరిగేదే. ట్రస్ రాడ్ ఉన్నది నెక్ వంపు కోసం. తీగ ఎత్తుకి బ్రిడ్జి మీద శాడిళ్లున్నాయి, తీగలు ఆనే చిన్న ముక్కలు, మరలతో ఎక్కించి దించేవి.

మార్చింది: పావు చుట్టు వదులు చేసి, మళ్లీ ట్యూన్ చేసి, రాత్రంతా వదిలేశాను. తెల్లారి 0.12. మరో పావు చుట్టుకి 0.22. ఇంకో అరపావుకి 0.30, అక్కడ ఆపేశాను. కర్ర నిదానంగా కదులుతుంది. తిప్పిన వెంటనే కొలిచి "చాల్లేదు" అని ఇంకో చుట్టు తిప్పితే తెల్లారేసరికి దాటిపోయి ఉంటుంది.

గరగర పోయింది. 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు మాత్రం 3.5 నుంచి 3.8కి పెరిగింది. అది పెరగాల్సిందే.

ఒక పక్క మాట. ఏసీ గదిలో 0.30 చూపించిన నెక్, రెండు రోజులు హాల్లో ఉంచాక 0.38 చూపించింది. హాల్లో తేమ 78 శాతం, ఏసీ గదిలో 55. ఏ నెక్ ఎటు కదులుతుందో కర్రను బట్టి ఉంటుంది. ఎక్కడ వాయిస్తామో అక్కడే కొలవాలి.

ఫీలర్ గేజ్ కోసం మ్యూజిక్ షాపులు తిరగక్కర్లేదు. బైక్ మెకానిక్కులు ట్యాపెట్లు సెట్ చేసేదే ఇది. పుదుపేట స్పేర్ పార్టుల కొట్లలో తీసుకున్నాను.

ఫీలర్ గేజ్ 180, అర మి.మీ. గీతలున్న స్టీలు స్కేలు 60, అలెన్ కీల సెట్టు 220.
ఇప్పటికి ఖర్చు: 8,960

దశ 2: శాడిళ్లు అడుగంటాయి

ఎత్తు 3.8 నుంచి 2.4కి రావాలి. శాడిల్ మరలు తిప్పుతూ పోతే 3.8 దగ్గరే శాడిల్ బ్రిడ్జి పలకకి ఆనుకుపోయింది. దించడానికి ఇంక చోటు లేదు. ఆ షాపువాళ్లు ట్రస్ రాడ్ మీద పడింది కూడా ఇందుకేనేమో.

శాడిళ్లని అరగదీయాలన్న ఆలోచన వచ్చింది కానీ, అరగదీసింది తిరిగి రాదు. అసలు తేడా నెక్ కూర్చున్న కోణంలో ఉంది. ఈ గిటార్లలో నెక్ నాలుగు మరలతో బాడీకి బిగించి ఉంటుంది. నెక్ కూర్చునే గుంటలో, బ్రిడ్జి వైపు చివర పల్చటి ముక్క ఒకటి పెడితే నెక్ కొద్దిగా వెనక్కి వాలుతుంది, తీగలు ఫ్రెట్లకి దగ్గరవుతాయి.

1. తీగలన్నీ బాగా వదులు చేసి, నాలుగు మరలూ విప్పాలి. ఏ మర ఏ కంతదో గుర్తు పెట్టుకోవాలి.
2. విజిటింగ్ కార్డుని 10 మి.మీ. వెడల్పు పట్టీగా కత్తిరించాలి. నా దగ్గరున్న కార్డు మందం 0.3 మి.మీ.
3. గుంట చివర అంచుకి ఆనించి పెట్టి, నెక్ బిగించి, ట్యూన్ చేసి కొలవాలి.

ఒక పట్టీతో 12వ ఫ్రెట్ దగ్గర 3.8 కాస్తా 3.1 అయింది. 0.3 పెడితే 0.7 తగ్గింది. నెక్ పొడవుని బట్టి చూస్తే లెక్క సరిపోతుంది. రెండో పట్టీ పెడితే 2.3. అప్పుడు శాడిల్‌ని కాస్త పైకి లేపి 2.4 దగ్గర ఉంచాను. సన్న తీగ (జి) 2.0. కార్డు చెన్నై తేమకి మెత్తబడుతుందేమోనని తర్వాత వాటిని తీసేసి, అదే మందం ఉన్న ప్లాస్టిక్ ముక్కలు, పాత సిమ్ కార్డు వచ్చిన అట్టలోంచి కత్తిరించి పెట్టాను. కొలత మారలేదు.

ఇది అయ్యాక 7వ ఫ్రెట్ దగ్గర మాత్రం జి తీగ చిన్నగా మూలిగింది. స్కేలు అంచుని 6, 7, 8 ఫ్రెట్ల మీద పెడితే ఎత్తుపల్లంగా ఊగింది. 7వ ఫ్రెట్ కొస లేచింది. చిన్న చెక్కముక్క పెట్టి రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తే కూర్చుంది.

ఇప్పటికి ఖర్చు: 8,960. ఈ దశకి రూపాయి కాలేదు.

దశ 3: రిచీ స్ట్రీట్

రెండు సమస్యలు. నాబ్‌ల కరకర ఒకటి. రెండోది హమ్. తీగల మీద చెయ్యి వేసినా వేయకపోయినా ఒకటే మోత. తీగని తాకగానే హమ్ తగ్గితే గిటార్ ఎర్త్ బాగున్నట్టు. తాకినా మార్పు లేదంటే బ్రిడ్జి నుంచి వచ్చే తీగ ఎక్కడో తెగినట్టు. మల్టీమీటర్ ఒక కొస బ్రిడ్జికి, ఇంకో కొస జాక్ బయటి కట్టుకి పెడితే బీప్ రాలేదు. వెనక మూత తీస్తే వాల్యూమ్ పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) వీపు మీంచి టంకం ఊడి వైరు వేలాడుతోంది.

మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కొనాల్సినవి రాసుకుని వెళ్లండి. అక్కడ ఆలోచిస్తూ నిలబడితే వెనకవాళ్లు ఊరుకోరు.

1. 250 కె (కిలో ఓమ్‌ల) పాట్లు రెండు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొట్లో అడగ్గానే చేతిలో పెట్టేవి దాదాపు "బి250కె". బి అంటే సమానంగా పెరిగేది. వాల్యూమ్‌కి అది పెడితే నాబ్ తిప్పుతున్నంతసేపూ ఏమీ తగ్గనట్టే ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. "ఏ250కె" కావాలని పట్టుబట్టి అడగాలి.
2. టోన్ కెపాసిటర్ 0.047 మైక్రోఫారడ్. దాని మీద 473 అని ఉంటుంది. అలాగే అడిగితే వెంటనే ఇస్తారు.
3. మోనో జాక్. స్టీరియో ఇస్తే వద్దనండి.

ఇంట్లో ఉన్న 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో పాట్ వీపు మీద టంకం పట్టలేదు. ఉండకట్టి జారిపోయింది. ఆ వీపు పెద్ద రేకు, వేడంతా అది లాగేసుకుంటుంది. అలాగే నొక్కిపెట్టి ఉంచితే లోపలి కార్బన్ పట్టీ కాలిపోతుంది. 60 వాట్లది కొని, వీపుని గరుకు కాగితంతో రుద్ది, ఫ్లక్స్ రాసి పెడితే మూడు సెకన్లలో పరుచుకుంది.

మల్టీమీటర్ బీప్ అంది, హమ్ చాలావరకు పోయింది. మిగిలిన కాస్త హమ్ ల్యాప్‌టాప్ చార్జర్‌ది. రెండు పిన్నుల చార్జర్ గోడలోంచి పీకేస్తే అదీ ఆగింది.

పాట్లు 180, కెపాసిటర్ 10, జాక్ 70, వైరు 40, ఐరన్ 380, టంకం, ఫ్లక్స్ 120, కాంటాక్ట్ క్లీనర్ 250.
ఇప్పటికి ఖర్చు: 10,010

దశ 4: తీగలు, స్వరం

పాత తీగలు నల్లబడి ఉన్నాయి. 45-105 సైజు నికెల్ సెట్టు వేశాను. ఇ తీగని చుట్టేముందు కత్తిరించకండి. ముందు ట్యూనింగ్ కీ దగ్గర తొంభై డిగ్రీలు మడిచి, ఆ తర్వాతే మిగిలింది కోయాలి. మడవకుండా కోస్తే లావు తీగ చుట్లు వదులై శబ్దం చచ్చిపోతుంది.

ట్యూనింగ్ లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి. ఖాళీ ఇ తీగ 41.2 హెర్ట్జ్. గిటార్ తలకి తగిలించే చవక ట్యూనర్లు అంత కింద తడబడతాయి. 12వ ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా తాకి మీటితే ఒక స్థాయి పై స్వరం, 82.4, వస్తుంది. ట్యూనర్‌కి అది చూపించండి.

ఇంటోనేషన్: 12వ ఫ్రెట్ దగ్గర అలా తాకి మీటిన స్వరం, నొక్కి మీటిన స్వరం ఒకటే ఉండాలి. నొక్కినది ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని వెనక్కి, తక్కువైతే నెక్ వైపుకి. నా దాంట్లో ఇ తీగ 14 సెంట్లు (సెంటు అంటే ఒక ఫ్రెట్ తేడాలో నూరో వంతు) ఎక్కువ. శాడిల్ 7 మి.మీ. వెనక్కి జరిగాక సున్నా. ఎ తీగ 6, డి, జి రెండూ 3 లోపే. కొత్త తీగలు వేశాకే ఈ పని చేయాలి. నెక్, ఎత్తు, ఆ తర్వాత ఇది. వరస తిరగేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇంక శబ్దం ఎక్కడ వినాలి? ఫోన్ స్పీకరు, ల్యాప్‌టాప్ స్పీకరు 41 హెర్ట్జ్‌ని పలికించలేవు. వాటిలో వినిపించేవి ఆ స్వరం తాలూకు పై పలుకులే. అడుగు స్వరాన్ని మన చెవే ఊహించుకుంటుంది. జాక్‌లో నేరుగా గుచ్చే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ తీసుకున్నాను. ఇంట్లోవాళ్లకి టిక్కుటిక్కు తప్ప ఏమీ వినపడదు. అమ్మ రెండుసార్లు తలుపు తీసి చూసి, "ఏరా, వాయిస్తున్నావా, తుడుస్తున్నావా?" అంది.

తుడవడం కూడా నిజమే. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగల పైనా కిందా తుడవాలి. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేయాలి. తుడవని వారం చివర జి తీగ మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి.

తీగలు 1,650, హెడ్‌ఫోన్ ఆంప్ 1,900, స్ట్రాప్ 350.
ఇప్పటికి ఖర్చు: 13,910

దశ 5: వేళ్లు

కొలతతోనే మొదలుపెడతాను. మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి 130 మి.మీ. 30 అంగుళాల చిన్న బేస్ అయితే అదే దూరం 114. "వేలికో ఫ్రెట్" అన్న పాఠం మొదటి ఫ్రెట్లలో నా చేతికి పొసగలేదు, మణికట్టు లాగేసింది. డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద బేస్) వాళ్లు సిమండ్ల్ పద్ధతి అంటారు, అందులో చూపుడు, మధ్య, చిటికెన వేళ్లే వాడతారు, ఉంగరం వేలు చిటికెన వేలికి ఆసరాగా పడుతుంది. అయిదో ఫ్రెట్ దాకా దానికి మారాను. పైన ఫ్రెట్లు దగ్గరవుతాయి కాబట్టి అక్కడ వేలికో ఫ్రెట్. నొప్పి తగ్గింది.

ఎంత గట్టిగా నొక్కాలో తెలుసుకోవడానికి: తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటుతూ, నెమ్మదిగా బలం పెంచండి. స్వరం శుభ్రంగా పలికిన క్షణాన ఆగండి. అంతకంటే అక్కర్లేదు. వేలు ఫ్రెట్‌కి ఆనుకున్నట్టు ఉంటే ఇంకా తక్కువ సరిపోతుంది. రెండు ఫ్రెట్ల మధ్యలో పెడితే రెట్టింపు నొక్కాలి.

ఇంతవరకు బాగానే ఉందనుకుని, మాకు దగ్గరి తెలుగు చర్చిలో బేస్ వాయించే అన్నకి ఒక రికార్డింగ్ వినిపించాను. ఆయన హెడ్‌ఫోన్స్ తీసి, "తమ్ముడూ, ఎన్ని తీగలు వాయిస్తున్నావు?" అన్నాడు.

"ఒకటేనన్నా, ఎ తీగ."

"నాకు మూడు వినపడుతున్నాయి. మిగతా రెంటిని ఎవరు ఆపాలి?"

మళ్లీ వింటే నిజమే. ఎ తీగ వాయిస్తుంటే పక్కన ఇ ఊరికే మోగుతోంది. ఆరో తరగతి పిల్లాడికైనా స్వరం మొదలుపెట్టడం పదినిమిషాల్లో వస్తుంది. బేస్‌లో సగం పని వద్దనుకున్న తీగలని నోరు మూయించడం. ఆంప్ పెద్దగా పెట్టినకొద్దీ ఈ లోపం పెద్దదవుతుంది. అన్న మార్పించినవి:

1. కుడి బొటనవేలు పికప్ మీద పాతుకుపోకూడదు. ఎ తీగ వాయించేటప్పుడు అది ఇ తీగ మీద పడుకోవాలి. డి మీదికి వెళ్తే బొటనవేలు ఎ మీదికి జరిగి, దాని పక్కవాటం ఇ ని తాకుతూ ఉండాలి.
2. మీటిన వేలు అక్కడితో ఆగకుండా పక్కనున్న లావు తీగ మీద వాలి నిలవాలి. అదీ ఒక కట్టడి.
3. ఎడమచేతిలో నొక్కని వేళ్లు గాల్లో లేవకుండా సన్న తీగల మీద తేలిగ్గా ఆనాలి.
4. స్వరం ఆపాలంటే వేలు తీసేయకూడదు. నొక్కు వదిలి, తీగ మీదే ఉంచాలి. తీసేస్తే ఖాళీ తీగ మోగుతుంది.

పరీక్ష: ఎ తీగ మీద నాలుగు స్వరాలు వాయించి ఆపి, ఆ వెంటనే రికార్డింగ్‌లో వచ్చే నిశ్శబ్దాన్ని వాల్యూమ్ పూర్తిగా పెంచి వినాలి. మొదట్లో ఆ నిశ్శబ్దంలో ఇ తీగ గుయ్‌మంటూ వినిపించేది. ఇప్పుడు ఎ, డి మీద శుభ్రం. జి నుంచి ఇ కి దూకేటప్పుడు ఇంకా జారుతోంది.

దశ 6: తాళం

మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 80 దెబ్బలు, ఒక దెబ్బకి రెండు స్వరాలు. అంటే స్వరానికీ స్వరానికీ మధ్య 375 మిల్లీసెకన్లు. ఫోన్‌లో రికార్డు చేసి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి అలల మొదళ్లు కొలిచాను. నావి 335 నుంచి 410 దాకా ఎగుడుదిగుడు. గమనించాల్సింది ఏమిటంటే, చూపుడువేలి స్వరాలు ఎప్పుడూ ముందు, మధ్యవేలివి ఎప్పుడూ వెనక. చెవికి "ఏదో తొందరగా ఉంది" అనిపించిందే తప్ప ఏ వేలిదో తెలియలేదు. స్క్రీన్ మీద చూస్తే తేలింది.

చేసిన మార్పు: మెట్రోనోమ్‌ని 40కి దించి, ఆ దెబ్బ రెండో లెక్క, నాలుగో లెక్క మీద పడుతోందనుకుని వాయించడం. ఒకటి, మూడు మనమే మోయాలి. ఒక లెక్కలో నాలుగు స్వరాలైతే నోటితో తకధిమి, మూడైతే తకిట. ఈ ఊళ్లో పక్కింట్లో మృదంగం క్లాసు జరుగుతుంటే ఇంగ్లీషు అంకెలు ఎందుకు లెక్కపెట్టాలి? చెప్పుకుంటూ వాయిస్తే మధ్యవేలు దారికొచ్చింది. తాజా కొలత 360 నుంచి 388.

ఇదయ్యాక పాటల బేస్ మీద చెవి పెట్టడం మొదలైంది. ఇళయరాజా పాటల్లో చాలావాటికి శశిధరన్, రెహమాన్ పాటల్లో చాలావాటికి కీత్ పీటర్స్ బేస్ వాయించారు. వేగం 70 శాతానికి తగ్గించి రెండు లెక్కలు వినడం, ఆపడం, నోటితో పాడటం, అప్పుడు తీగ మీద వెతకడం. నోటితో పాడలేనిది చేతికి రావట్లేదు. ఇళయరాజా దగ్గర బేస్ ఊరికే మూలస్వరం కొట్టి కూర్చోదు, పల్లవి కింద ఇంకో పాట నడుస్తుంది. అందుకని వాటితో మొదలుపెట్టమని కొత్తవాళ్లకి చెప్పను. ముందు మూలస్వరం, అయిదో స్వరం మాత్రమే ఉన్న చర్చి కీర్తనలు పట్టుకోండి. కిక్ డ్రమ్‌తో కలిసి పడటం అక్కడ వస్తుంది.

ఇంకా మిగిలినవి

1. నట్ (నెక్ తల వైపు తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర ఇ తీగ గాడి ఎత్తుగా ఉంది. మొదటి ఫ్రెట్ మీద సందు 0.9 మి.మీ., 0.6 దాకా రావాలి. దీనివల్లే మొదటి ఫ్రెట్ స్వరం 8 సెంట్లు ఎక్కువ పలుకుతోంది. నట్ ఫైళ్ల సెట్టు గిటార్ ధరలో మూడో వంతు చెబుతున్నారు. పాత ఇ తీగ ముక్కకి సన్న గరుకు కాగితం చుట్టి రుద్దే పద్ధతి ఉంది. ముందు పది రూపాయల ప్లాస్టిక్ నట్ మీద చేసి చూస్తాను.
2. పికప్ ఎత్తు: చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుంటే ఇ వైపు 2.8, జి వైపు 2.0 ఉండాలి. ఇప్పుడు 4.0, 2.1. ఇ తీగ శబ్దం చిన్నగా ఉండటానికి కారణం ఇదే.
3. జి నుంచి ఇ కి దూకే అభ్యాసం, 50 వేగంలో.

ఇప్పటికి ఖర్చు: 13,910. ప్లాస్టిక్ నట్ కొంటే 13,920.